బుక్ చేసి డబ్బు వేయని కొనుగోలుదారు: చీర ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న

శ్రావణ మాసానికి ముందు వారాల్లో ఉరవకొండలోనో, ఎమ్మిగనూరులోనో, ప్రొద్దుటూరులోనో రాత్రి ఎనిమిది గంటలకు ఫోన్‌ను స్టాండుకు తగిలించి లైవ్ మొదలుపెట్టే చీరల అమ్మకందారులకు ఒక అనుభవం బాగా తెలిసినదే. చీర విప్పి, కొంగు చూపించి, అంచు మీద కెమెరా నిలిపి ధర చెప్పగానే కింద ‘బుక్డ్’ అని కామెంటు పడుతుంది. వెంటనే స్క్రీన్‌షాట్ వాట్సాప్‌కు వస్తుంది. చీర మడిచి, పేరు రాసిన చీటీ దాని మీద పెట్టి పక్కకు తీస్తారు. అదే చీర అడిగిన మరో ముగ్గురికి ‘అయిపోయింది’ అని సమాధానం వెళుతుంది. మర్నాడు ‘సాయంత్రం వేస్తా అక్కా’ అంటారు. ఆ మరుసటి రోజు ‘జీతం పడగానే వేస్తా’ అంటారు. నాలుగో రోజు నుంచి సందేశం చదివినట్టు నీలి గుర్తులు పడతాయే తప్ప జవాబు రాదు. వారం తర్వాత చీటీ తీసేసి చీరను మళ్లీ లైవ్‌లో చూపిస్తే, మొదట అడిగిన ముగ్గురిలో ఒక్కరూ ఉండరు. వాళ్లు మరోచోట కొనేసి ఉంటారు.

‘డబ్బు కట్టనివారు’ అని అందరినీ ఒకే గాటన కట్టడం వాడుకలో ఉంది గానీ, అందులో నాలుగు రకాలవారు కలిసిపోయి ఉన్నారు. మాట ఇచ్చి డబ్బు వేయనివారు కొందరు, పార్సిల్‌ను గుమ్మం దాకా రప్పించుకుని వద్దనేవారు కొందరు, సరుకు అందుకున్నాక బాకీ నిలిపేవారు మరికొందరు, అసలు కట్టకుండానే కట్టామని నమ్మించేవారు ఇంకొందరు. వీరిలో ఎవరితో ఎలా వ్యవహరించాలన్నది, మాట తప్పిన సమయానికి సరుకు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. అమ్మేవారి దగ్గరే ఉంటే చట్టం, వ్యాపార రివాజు రెండూ వారి పక్షానే నిలుస్తాయి. చేయి దాటిపోయాక మిగిలేది దావా వేసే హక్కు ఒక్కటే. ఎనిమిది వేల రూపాయల చీర కోసం దావా నడపడానికి ఎంత ఖర్చవుతుందో, ఎన్ని రోజులు పోతాయో తెలిసినవారెవరూ ఆ హక్కును రొక్కంతో సమానంగా చూడరు.

బుక్ చేసి ఊరుకోవడం వల్ల పెద్ద నష్టమేమీ లేదని, చీర ఎటూ పోలేదు కదా అని కొనేవారు అనుకుంటారు. ఆ భావన తప్పని ఒక చిన్న లెక్క చూపిస్తుంది. నేత ఇంటి నుంచి 7,900 రూపాయలకు తెచ్చిన పట్టుచీరను 8,500కు అమ్ముతున్నారనుకుందాం. మిగులు 600. ఆ 7,900 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మయితే, చీర పదిహేను రోజులు బీరువాలో కూర్చున్నందుకు వడ్డీ కిందే 79 రూపాయలు పోతాయి. ఇంతకంటే పెద్ద దెబ్బ రోజుల రూపంలో తగులుతుంది. చేమగ్గం మీద ఒక పడుగుకు దిగేవి కొన్ని చీరలే. ఆ రంగు, ఆ అంచు మళ్లీ దొరకవు కాబట్టి ఒకరి కోసం పక్కన పెట్టడమంటే మిగతా అందరికీ లేదని చెప్పడమే. వరలక్ష్మీ వ్రతం దాటిపోయిందంటే అదే చీరకు 8,500 కాదు, తెచ్చిన ధర పలకడం కూడా కష్టం. చీరలు తీసుకెళ్లి ‘అమ్మాక డబ్బిస్తా’మనే పద్ధతి ఉన్నచోట ఈ జాప్యమంతా చివరికి మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కూలి మీద పడుతుంది. ఎక్కడో నగరంలో ఫోన్ మీద వేలు ఆడించినవారికి ఆ గుంట కనిపించదు.

వాట్సాప్‌లో ‘తీసుకుంటాను’ అన్న మాటకు చట్టం ముందు విలువ ఉందా అన్న అనుమానం చాలామందిలో ఉంది. కచ్చితంగా ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లో తర్వాతి సవరణతో చేరిన 10ఏ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. ఏ చీర, ఎంత ధర, ఎవరికి అన్నవి తేలిపోయి, ఇటు ‘సరే’ అన్న జవాబు వెళ్లిపోతే ఒప్పందం కుదిరినట్టే. అక్కడి నుంచి వస్తువుల విక్రయ చట్టం, 1930 వర్తిస్తుంది. దాదాపు శతాబ్దం కిందటి ఈ చట్టం ‘డబ్బు అందని విక్రేత’కు ఒక అధ్యాయమే కేటాయించింది. లైవ్‌లో చీరలమ్మే వ్యాపారానికి ఇంతగా పనికొచ్చే చట్టం ఇదే అయినా, ఈ రంగంలో దీని పేరు ఎత్తేవారు అరుదు.

ఇందులో ముందుగా తెలుసుకోవలసింది, తొలిచూపుకు వింతగా తోచే ఒక నియమం. 20వ సెక్షను ప్రకారం, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న ఫలానా వస్తువును షరతులేమీ లేకుండా అమ్మడానికి ఒప్పుకుంటే, డబ్బు తర్వాత కట్టేలా అనుకున్నా సరే, ఒప్పందం కుదిరినప్పుడే యాజమాన్యం కొన్నవారికి మారిపోతుంది. అంటే, వేరే ఉద్దేశం మాటల్లో కనిపించనంతవరకు, చీటీ పెట్టి పక్కన ఉంచిన చీర చట్టం దృష్టిలో అప్పటికే బుక్ చేసినవారిది. దాన్ని చెప్పా పెట్టకుండా మరొకరికి అమ్మేస్తే చిక్కు రావచ్చు. అయితే అప్పుగా ఇస్తామని ఒప్పుకోనంతవరకు, పూర్తి ధర అందేదాకా సరుకును తన దగ్గరే అట్టిపెట్టుకునే హక్కు 47వ సెక్షను విక్రేతకు ఇచ్చింది. దాన్ని తిరిగి అమ్ముకునే దారిని 54వ సెక్షను చూపింది. తిరిగి అమ్మదలచుకున్నట్టు కొనుగోలుదారుకు నోటీసు ఇవ్వాలి. సబబైన వ్యవధిలో డబ్బు రాకపోతే అమ్ముకోవచ్చు. రెండోసారి తక్కువ ధర పలికితే ఆ తేడాను మొదటివారి నుంచి రాబట్టుకునే హక్కుంటుంది, ఎక్కువ పలికితే ఆ లాభం అమ్మినవారిదే. నోటీసు ఇవ్వకుండా అమ్మితే ఇది పూర్తిగా తారుమారవుతుంది. నష్టం అడిగే హక్కు పోతుంది, లాభం వస్తే అది మొదటి కొనుగోలుదారుకు చెందుతుంది.

ఈ నోటీసుకు వకీలు అక్కర్లేదు. ‘మీరు ఆదివారం బుక్ చేసిన ఆకుపచ్చ పట్టుచీరకు 8,500 రూపాయలు గురువారం సాయంత్రం ఆరు గంటల్లోగా అందకపోతే చీరను వేరేవారికి అమ్ముతాం’ అన్న ఒక్క వాక్యం చాలు. చీర, మొత్తం, గడువు, గడువు దాటితే ఏం చేస్తారన్నది, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ‘అక్కా, ఏమైంది?’ అని పదిసార్లు అడగడం కంటే ఈ ఒక్క సందేశం మర్యాదగానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. పాడైపోయే సరుకుకు ఈ నోటీసు కూడా అవసరం లేదని అదే సెక్షను చెబుతోంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడిని పెట్టెల్లో ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఈ మినహాయింపు చాలా విలువైనది. గడ్డిలో మాగిన కాయలు గురువారం దాకా ఆగవు.

ఇంతకంటే తేలికైన మార్గం షరతును ముందే చెప్పి ఉంచడం. మాట తప్పితే తిరిగి అమ్ముకునే హక్కును ఒప్పందంలోనే స్పష్టంగా అట్టిపెట్టుకుంటే, అలా అమ్మినప్పుడు మొదటి ఒప్పందం రద్దయిపోతుందని 54వ సెక్షనే అంటోంది. ‘24 గంటల్లో పూర్తి డబ్బు అందితేనే అమ్మకం ఖాయం, లేకపోతే చీర తర్వాతివారికి వెళుతుంది’ అన్న మాట లైవ్ మొదట్లోనే నోటితో చెప్పి, తెర మీద కనిపించేలా రాసి ఉంచాలి. బుకింగ్ అయిపోయాక చేర్చిన షరతు ఎదుటివారిని కట్టడి చేయదు. అడిగిన మిగతా ముగ్గురికి ‘అయిపోయింది’ అనకుండా ‘మీరు రెండో వరుసలో ఉన్నారు, రేపు ఈ వేళకు చెబుతాం’ అనడం కూడా ఇందులో భాగమే. ఈ వరుస పెట్టే అలవాటు ఉన్నచోట మొదటివారి మౌనం పెద్దగా నష్టం చేయదు. అంతర్జాతీయ సైట్లు చేసేదీ ఇదే. ఈబేలో కొన్నవారు నాలుగు రోజుల్లో చెల్లించకపోతే ఆర్డరును రద్దు చేసుకునే వీలు అమ్మకందారుకు వస్తుంది. ఆ సంస్థ భారత సైటు 2018 ఆగస్టులో మూతపడింది. అందులో పైసాపే అనే పద్ధతి ఉండేది. కొన్నవారు కట్టిన సొమ్మును మధ్యలో ఆపి, సరుకు చేరాక అమ్మినవారికి విడుదల చేసేవారు. వాట్సాప్ వ్యాపారంలో అలాంటి మధ్యవర్తి లేడు. ఆ లోటును షరతులతోనే పూడ్చుకోవాలి.

వాటిలో అన్నింటికంటే పని చేసేది బయానా. కర్నూలు, కడప ప్రాంతాల్లో బయానా అన్నా, దస్తావేజుల్లో సంచకారం అని రాసినా అర్థం ఒకటే, బేరం ఖాయమైందనడానికి చేతిలో పెట్టే సొమ్ము. పశువుల సంతలో బయానా తీసుకోకుండా ఎవరూ ఎద్దును ఇంకొకరి కోసం కట్టి ఉంచరు. అదే సంప్రదాయంలో పుట్టి పెరిగిన కుటుంబాలు ఫోన్‌లో అమ్మేసరికి దాన్ని వదిలేయడానికి కారణం మొహమాటం. అడ్వాన్సు అడిగితే వచ్చిన బేరం పోతుందేమోనన్న భయం దాని వెనుక ఉంది. నిజానికి 500 రూపాయలు వేయడానికి వెనకాడినవారు 8,000 వేస్తారన్న నమ్మకానికి ఆధారం లేదు. పోయిన ఆ బేరం మొదటి నుంచీ బేరం కాదు.

అయితే బయానాకూ హద్దులున్నాయి. కొనుగోలుదారు వెనక్కి తగ్గితే సంచకారాన్ని జప్తు చేసుకోవచ్చు గానీ, ధరలో భాగంగా ముందు కట్టిన సొమ్మును అలా అట్టిపెట్టుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2012లో స్థిరాస్తి కేసులో స్పష్టం చేసింది. ఒప్పంద చట్టం 74వ సెక్షను కూడా సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తుంది. అందుకే ‘అడ్వాన్సు’ అన్న పొడిమాట కంటే ‘ఇది సంచకారం, మీరు వద్దంటే తిరిగి ఇవ్వం, మేము ఇవ్వలేకపోతే ఆ రోజే తిరిగి వేస్తాం’ అని రాయడం మంచిది. మొత్తం కూడా ధరతో పోలిస్తే పరిమితంగానే ఉండాలి. ఆర్డరు మీద చేసేవాటి సంగతి వేరు. కొంగులో వధూవరుల పేర్లు నేయమన్న పెళ్లిచీరనో, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో అడిగిన కొలతకు చేయించిన తోలు దీపపు తొడుగునో ఇంకొకరికి అమ్మడం కుదరని పని. అలాంటివాటికి సగానికి తగ్గకుండా ముందు తీసుకోవడం ఎంతమాత్రం అత్యాశ కాదు.

ఇక్కడ కొనేవారి వైపు కూడా చూడాలి. ‘క్యాష్ ఆన్ డెలివరీ ఉందా?’ అని అడిగేవారందరూ ఎగ్గొట్టేవారు కారు. పట్టు అని చెప్పి కలనేత పంపినవారు, డబ్బు పడగానే నంబరు బ్లాక్ చేసినవారు ఈ వ్యాపారంలో తక్కువేమీ లేరు. ఒకసారి దెబ్బతిన్నవారు ముందు సరుకు చూస్తామనడంలో అన్యాయం లేదు. పత్రికల్లో ప్రకటన చూసి పుస్తకాలూ గడియారాలూ తెప్పించుకున్న కాలంలోనూ ఇదే సమస్య ఉండేది. పోస్టుమ్యాన్ వి.పి.పి. పార్సిల్ (గుమ్మం దగ్గర డబ్బు కట్టి తీసుకునేది) తెచ్చేసరికి ఇంట్లో డబ్బు లేదని, మనసు మారిందని తిప్పి పంపేవారు. పంపినవారికి రెండు వైపులా తపాలా ఖర్చు మిగిలేది. ఇప్పుడు దాన్నే అమ్మకందారులు ‘ఆర్‌టీఓ (రిటర్న్ టు ఒరిజిన్, అంటే పంపినచోటికే తిరుగు పార్సిల్) అయింది’ అంటున్నారు. రానుపోను కొరియర్, ప్యాకింగ్ కలిపి 270 రూపాయలు అనుకుంటే, పైన చెప్పిన 600 మిగులులో ఒక్క తిరుగు పార్సిల్ దాదాపు సగం మింగేస్తుంది. కొరియర్ ఖర్చును ముందు కట్టించుకుని, మిగతాది ఇంటి దగ్గర తీసుకోవడం ఇద్దరికీ న్యాయమైన రాజీ. అడిగినవారికి చీరను సహజమైన వెలుతురులో, వారి పేరు పలుకుతూ చిన్న వీడియో తీసి పంపితే చాలామందిలో భయం పోతుంది. కొనేవారిని పార్సిల్ విప్పుతూ వీడియో తీయమంటున్న అమ్మకందారులు, తాము ప్యాక్ చేసేటప్పుడూ అలాంటి వీడియో తీసి ఉంచాలి.

కట్టకుండా కట్టినట్టు చూపేవారి తీరు వేరు. ఇది బాకీ కిందికి రాదు, మోసం కిందికే వస్తుంది. నకిలీ యాప్‌తో తయారుచేసిన ‘పేమెంట్ సక్సెస్‌ఫుల్’ బొమ్మను పంపి, ‘ఆటోవాలా కింద ఉన్నాడు, త్వరగా ఇవ్వండి’ అని తొందరపెట్టడం ఇందులో మామూలు ఎత్తు. స్క్రీన్‌షాట్ రుజువు కాదు, ఎస్సెమ్మెస్ కూడా కాదు. సొంత బ్యాంకు యాప్ తెరిచి జమ కనిపించిందా, ఆ యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల రిఫరెన్సు సంఖ్య సరిపోయిందా చూశాకే సరుకు కదలాలి. డబ్బు పంపుతున్నామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి పిన్ కొట్టమనేవారు మరో రకం. డబ్బు అందుకోవడానికి పిన్ ఎన్నడూ అక్కర్లేదు. డబ్బు వేయమని అడుగుతూ వ్యక్తుల మధ్య పంపుకునే యూపీఐ ‘కలెక్ట్’ అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయడంతో ఒక దారి మూసుకుంది గానీ, క్యూఆర్ ఎత్తుగడ పోలేదు. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఖాతా నుంచి పోయిన సొమ్ము చేతులు మారేలోపు ఆపగలిగే అవకాశం ఆ తొలి గంటల్లోనే ఎక్కువ. ఇలాంటివారి మీద భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద ఫిర్యాదు నిలుస్తుంది. బుక్ చేసి డబ్బు వేయనివారి మీద మాత్రం సాధారణంగా నిలవదు. మొదటి నుంచీ మోసగించే ఉద్దేశం ఉంటే తప్ప మాట తప్పడం ఒక్కటే నేరం కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. పోలీసు స్టేషనులో ‘ఇది సివిల్ వ్యవహారం’ అన్నప్పుడు ఆ మాట చాలాసార్లు చట్టప్రకారం సరైనదే. వినియోగదారుల కమిషన్ కూడా ఇక్కడ పనికిరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కొన్నవారి రక్షణకు వచ్చింది, డబ్బు అందని అమ్మకందారుకు అందులో చోటు లేదు.

పెద్ద మొత్తాలు పోయేది రీసెల్లర్ల దగ్గర, దూరపు దుకాణాల దగ్గర. రెండుసార్లు రొక్కం కట్టి, మూడోసారి ఇరవై చీరలు అరువు తీసుకుని నంబరు మార్చేవారి బాధితులు మగ్గాల ఊళ్లలో తారసపడుతూనే ఉంటారు. ఇక్కడ సరుకు చేయి దాటిపోయింది కాబట్టి కాగితమే బలం. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం గట్టి రక్షణ ఇస్తోంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి బాకీ ఉంచకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీల కోసమే రాష్ట్రంలో ఏర్పాటైన ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. అయితే కేవలం కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ నమోదు ప్రాధాన్య రంగ రుణాల మేరకే పనికొస్తుంది, ఈ బాకీ రక్షణ అందదు. కాబట్టి నేయించే కుటుంబం తన పేరుతో నమోదై తానే బిల్లు ఇవ్వడం వల్ల వచ్చే లాభం కాగితం మీద కనిపించేదానికంటే పెద్దది. అరువుకు చెక్కు తీసుకుంటే, అది తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, 15 రోజులు ఆగాలి, ఆ తర్వాత నెలలోగా కోర్టులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద ఫిర్యాదు వేయాలి. వీటిలో ఏ ఒక్క గడువు తప్పినా కేసు నిలవకపోవచ్చు.

కోపంలో కొందరు చేసే పని ఒకటుంది. డబ్బు వేయనివారి ఫొటో, ఫోన్ నంబరు, చిరునామా అమ్మకందారుల గ్రూపుల్లో పెట్టి ‘దొంగ’ అని రాస్తారు. బాధ అర్థమవుతుంది కానీ ఇది చేయకూడని పని. ఆ నంబరు స్త్రీదైతే రాత్రికి రాత్రి ఆమెకు ఎలాంటి ఫోన్లు వస్తాయో ఊహించడం కష్టం కాదు. ఆసుపత్రి ఖర్చు వచ్చిపడి చీర వదులుకున్న ఇల్లాలు కూడా ఆ జాబితాలో ఉండవచ్చు. పైగా పరువునష్టం కేసు ఎదురు తిరిగితే, 600 రూపాయల మిగులు కోసం మొదలైన వ్యవహారం అమ్మినవారినే ముద్దాయిగా నిలబెడుతుంది. ఎవరికి అరువు ఇవ్వకూడదో సొంత పుస్తకంలో రాసుకోవడం వేరు, ఊరంతా అంటించడం వేరు.

సరుకు వెళ్లిపోయి డబ్బు రానప్పుడు, మొత్తం పట్టించుకోదగినదైతే, మొదటి మెట్టు రాతపూర్వక నోటీసు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, చేరినట్టు రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులోనే పంపాలి. తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో, దావా వేయకముందే, రాజీ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఎదుటివారు రాకపోతే మాత్రం లోక్ అదాలత్ ఏమీ చేయలేదు. సలహా కోసం 15100 నంబరు ఉంది. దావాయే వేయాల్సివస్తే, బిల్లు మీద ‘వివాదాలు కర్నూలు కోర్టుల పరిధిలో’ అని అచ్చు వేసినంత మాత్రాన చాలదు. వ్యవహారంలో కొంతైనా కర్నూలులో జరిగి ఉండాలి. వాట్సాప్ సంభాషణలు సాక్ష్యంగా చెల్లుతాయి గానీ, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కోరే ధ్రువపత్రం జతచేయాలి. అందుకని బాకీ తీరేదాకా ఆ సంభాషణలను చెరపకూడదు, ఫోన్ మార్చినా పాతదాన్ని అమ్మేయకూడదు.

గడువు కూడా గుర్తుంచుకోవలసిందే. అరువు వ్యవధి ఏదీ అనుకోకుండా సరుకు ఇచ్చి ఉంటే, ఇచ్చిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఆ మూడేళ్లు ముగియకముందే బాకీ నిజమేనని ఎదుటివారు సంతకంతో రాసిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ప్రొద్దుటూరు బట్టల దుకాణాల్లో పాత షావుకార్లు ఏడాదికోసారి ఖాతా పుస్తకం ముందుకు జరిపి, బాకీ మొత్తం కింద సంతకం పెట్టించుకున్నది ఇందుకే.